పెరటి పువ్వు... కణం పట్టాలు!

ఖమ్మం జిల్లా ఏన్కూరైనా, హైదరాబాదైనా... నీళ్లు పోసినా పోయకపోయినా పూసేది బిళ్లగన్నేరు. మేకలు కూడా మూతి పెట్టవు. రక్తక్యాన్సర్ వచ్చిన పసివాళ్లకిచ్చే విన్‌క్రిస్టిన్ దాని నుంచి వచ్చిందే. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును నేటికీ వాడుతున్నారు, మన యల్లాప్రగడ సుబ్బారావు కృషితో వచ్చిన మెథోట్రెక్సేట్‌తో కలిపి.

అది దెబ్బ కొట్టేది ఎక్కడో తెలుసా? కణం అస్థిపంజరం మీద! కణమంటే నీళ్లు నింపిన సంచి కాదు. పందిరికి రాటల్లా లోపల ప్రొటీన్ పోగులుంటాయి. వాటిలో లావుపాటివి సూక్ష్మనాళికలు. లావంటే, మిల్లీమీటరులో నలభైవేలవ వంతు! మన ఎముకల్లా స్థిరంగా ఉండవు. ట్యుబ్యులిన్ అనే ఇటుకలు చేరుతూ, ఊడుతూ ఉంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగేవి ఇవే. విన్‌క్రిస్టిన్ ఆ ఇటుకలను పట్టేసుకుంటుంది. నాళికలు కట్టుకోవు. విభజన మధ్యలోనే ఆగి క్యాన్సర్ కణం చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే, నాడీకణాలకూ ఇవే రైలు పట్టాలు. వెన్ను నుంచి కాలివేళ్ల దాకా సరుకు చేరేది వీటి మీదే. అందుకే ఈ మందు పడిన కొందరు పిల్లలకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టమవుతుంది. డాక్టర్లు మోతాదును మిల్లీగ్రాముల్లో లెక్కకట్టి మరీ ఇస్తారు. షుగరుకు మంచిదని ఇదే ఆకు నమిలేవాళ్లకు ఆ లెక్క ఎవరు కడతారు?