గుండ్లకమ్మలో బాప్తిస్మమిచ్చిన చేతులు

ఒంగోలు మిషన్ అనగానే జాన్ క్లౌ దొర పేరే చెప్తారు. ఆయన 1866లో ఒంగోలు వచ్చాడు. కానీ మాదిగ గూడేల్లోకి దారి వేసింది యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగిన మాదిగ అతను. భార్య నాగమ్మతో కలిసి 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత మతం చుట్టరికాల వెంట నడిచింది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. కూటి కోసం మతం మారారని ఇప్పటికీ మనవాళ్లని ఎత్తిపొడుస్తారు. నిజానికి కరువు సాయం నడిచినన్నాళ్లూ మిషన్ బాప్తిస్మాలు ఆపేసింది. సాయం ఆగాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరోజు క్లౌ నీళ్లలో దిగలేదు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు.

ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్'లో మాదిగల గురువులూ, మాతంగి కథా ఉన్నాయి. చెప్పింది మాదిగలు, అట్ట మీద పేరు ఆమెది. మిషనరీ చూపు అందులో ఉంది, మన తాతల మాటా ఉంది. రెంటినీ విడదీసి చదవడమే మన పని.