ప్రయాణభీతి – పెంపుడు కుక్కపై బెంగ

స్త్రీలు మోటారుకారు నడుపుట నేడు వింత కాదు. అయినను లైసెన్సును బీరువాలో దాచి, తాళపుచెవి నితరుల కిచ్చి, ప్రక్కసీటున గూర్చుండు సోదరీమణులు పెక్కుమంది కలరు. కారణ మడిగిన కొందరు "భయము" అందురు. మరికొందరు "మేము ఊరికి బోయిన మా కుక్క అన్నము ముట్టదు" అందురు. ఈ రెండును వేర్వేరుగా గన్పట్టును గాని, తరచి చూచిన నొకే తీగకు గాచిన కాయలు. రెంటికిని మందు ఒక్కటియే యని మా యభిప్రాయము.

బయలుదేరవలె ననుకొనగానే గుండె దడదడలాడును, అరచేతులు చెమర్చును. "నేడు వద్దు, వచ్చేవారము చూతము" అనుకొన్నంతనే హాయిగా నుండును. ఆ హాయియే మోసము. తప్పించుకొనుటవలన సుఖము కలిగినదని మనస్సు నేర్చుకొని, మరుసటిసారి మరింత గట్టిగా తప్పించుకొన జూచును. కుక్క సంగతియు నిట్టిదే. ఒంటరిగా నుండుట దానికి నేర్పము గనుక నది యుండలేదు. అది యుండలేదు గనుక మనము విడువము. పండుగలకు బోకున్న నష్టము లేదు. కాని కన్నతల్లి మంచము పట్టినపుడు కదలలేకపోయినచో, ఆ దినము మరల రాదు గదా!

ఈ విషయమున మార్గము చూపినవారిలో నొక స్త్రీ యుండుట మనకు గర్వకారణము. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషి, కుందేలును జూచి భయపడు పసివాని గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. బాలునకు ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును మొదట దూరముగ నుంచి, క్రమక్రమముగ దగ్గరకు దెచ్చిరి. తుదకు బాలుడు దానిని చేతితో నిమిరెను. కొంచెము కొంచెముగ దగ్గరగుటయే భయమునకు విరుగుడు.

మొదట కారు సంగతి. చాలకాలము నడుపనివారు మరల శిక్షకునికడ నాలుగు దినములు నేర్చుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు. శిక్షణకారునందు శిక్షకుని కాలికడను బ్రేకుండుటచే ధైర్యము కలుగును. పిమ్మట మీకు భయము గొల్పు ప్రయాణములను, తక్కువ భయమునుండి యెక్కువకు, కాగితముపై వరుసగ వ్రాసికొనుడు. హైదరాబాదు సోదరికి సుమారు 270 కిలోమీటర్ల దూరమున, విజయవాడలో, తల్లి యున్నదనుకొందము. తొలివారము తెల్లవారుజామున తన వీధిలో తిరుగుట చాలును. తరువాత కూరగాయల బజారు, పిదప ఫ్లైఓవరు, ఆపైని జాతీయ రహదారిపై చౌటుప్పలువరకు, తుదకు నడుమ సూర్యాపేటలో విశ్రమించి విజయవాడ. ఒక మెట్టుపై దడ చాలవరకు తగ్గినపిదపనే పై మెట్టెక్కవలయును. భయము పూర్తిగా పోవువరకు మాత్రము వేచియుండరాదు.

దారిలో దడ పుట్టినచో, ఊపిరిని పీల్చినదానికంటె నెక్కువసేపు మెల్లగా విడువుడు. అప్పటికిని తగ్గకున్న, ఇండికేటరు వేసి యెడమప్రక్కకు వచ్చి, సురక్షితమైన చోట కారు నాపుడు. నెమ్మదించినపిదప ముందుకే సాగుడు. మత్తు గొల్పు మాత్రలు మ్రింగి నడుపుట ప్రాణాపాయము.

ఇక కుక్క సంగతి. దానికిని మెట్లే. గడప దాటి, అది యరవకముందే, నిమిషములో తిరిగి రండు. పిమ్మట 5 నిమిషములు, 15, అరగంట. తాళపుచెవి గలగలలు విన్నంతనే గాబరాపడు కుక్కయెదుట, ఎక్కడికిని వెళ్లకయే తాళపుచెవిని పలుమార్లు చేతబట్టుచుండుడు. వెళ్లునపుడు కౌగిలింతలు, వచ్చినపుడు కోలాహలము కూడదు. అన్నము పెట్టు పొరుగింటి పిన్నిగారిని ముందే నాలుగైదు మార్లు పిలిచి, ఆమె చేతి తిండికి అలవాటు చేయుడు. ఆహారపు కొలత, పశువైద్యుని ఫోను సంఖ్య వ్రాసి గోడకు అతికింపుడు. కుక్కల వసతిగృహమున విడువదలచినచో, మొదట నొక పూట, పిదప నొక రాత్రి యుంచి చూడుడు. రేబీసు టీకా పత్రము సిద్ధముగ నుంచుకొనుడు. వెంట గొనిపోయినచో, ఎండలో మూసిన కారునందు క్షణమైన విడువరాదు. 10 నిమిషములలోనే లోపలి వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగును. తలుపులు కొరికి గాయపరచుకొను కుక్కను పశువైద్యునికి చూపవలయును.

కారు నడుపుచు ఇంటి కెమెరాను ఫోనులో జూచుట మిక్కిలి ప్రమాదకరము. సూర్యాపేటలో కారాపినపు డొక్కసారి, విజయవాడ చేరినపిదప నొక్కసారి, పిన్నిగారికి ఫోను చేసిన చాలును.

ఇన్ని చేసినను నిద్ర పట్టనంత భయమున్నచో, మానసిక వైద్యుని సలహా పొందుట అవమానము కాదు. భారత ప్రభుత్వపు టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి, తెలుగులోనే మాటాడవచ్చును.

బయటకు వెళ్లిన యజమానురాలు తప్పక తిరిగి వచ్చునని కుక్క నేర్వవలెను; బయటకు వెళ్లి క్షేమముగ తిరిగి రాగలనని యజమానురాలు నేర్వవలెను. రేపటి యుదయము వీధి చివరవరకు పోయి వచ్చుటతో నీ రెండు పాఠములును ఆరంభింపవచ్చును.