పెనమెరిగిన చేతికి కెటిలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మొదలగు పడమటి మండలములలో దోసెల పెనము లేని వంటయిల్లు అరుదు. క్రొత్త పెనమును గంజిలో నానవైచి, వేరుసెనగ నూనె పూసి, సగము కోసిన ఎర్రగడ్డతో రుద్దుచు పలుమార్లు కాచి పదును చేయు విద్య తల్లులనుండి బిడ్డలకు నోటిమాటగా వచ్చుచున్నది. అట్టి యిండ్లకు ఇప్పుడు, బెంగుళూరిలో కొలువు చేయు పిల్లల మూలమున, నల్లని పోత ఇనుప టీకెటిలు వచ్చుచుండగా, అదేదో పరదేశపు అపురూపమని పెద్దలు దానిని బీరువాలో నుంచుట చూచి మనసొప్పక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పెనమును కాపాడ నేర్చిన చేతికి ఇది క్రొత్త విద్య కాదు, ఒక్క నూనె విషయమున తప్ప.

కెటిలు పుట్టినిల్లు జపాను. ఆ దేశపు ఉత్తరభాగమున, ఇవాటే మండలములోని మొరియోకా పట్టణమున, 17వ శతాబ్దిలో నంబు ప్రభువుల పోషణచే ఈ పోతపని వృద్ధినొందెను. మదనపల్లెకు జపానుతో పూర్వపరిచయము లేకపోలేదు: 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ‘జనగణమన’ను ఆంగ్లీకరించిన దివ్యజ్ఞాన కళాశాలకు అప్పటి ప్రధానాచార్యుడైన జేమ్స్ కజిన్స్, ఆ సంవత్సరమే జపానునకు ఏగి, టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయమున బోధించి, ఆ దేశమును గూర్చి గ్రంథమే రచించెను.

కెటిళ్లు రెండు జాతులు. తెత్సుబిన్ అనునది లోపల పూత లేనిది. నీరు కాచుటయే దాని పని. నేర్పరులు దానిని బొగ్గునిప్పులలో 800 నుండి 1000 డిగ్రీల వేడిమిలో కాల్చగా, తుప్పును నిలువరించు ఆక్సైడు పొర దానిపై ఏర్పడును. రెండవది లోపల ఎనామెలు పూత గలది. అందు కాగిన నీరు పోసి ఆకు నానవేయవలెనే కాని, పొయ్యిమీద పెట్టినచో పూత పగులును. కావున కొన్న తోడనే మూత తీసి లోపల పరిశీలించుకొనవలెను.

పూత లేనిదానిలో కొన్నాళ్లకు ఎర్రని మచ్చలు కానవచ్చును. కాచిన నీరు తేటగా నున్నంతవరకు వానిని గీకరాదు, సబ్బు తగులనీయరాదు. నీరే ఎర్రబారినచో, వాడిన తేయాకును పలుచని గుడ్డలో మూటగట్టి, ఆ నీటిలో అరగంట మరిగించవలెను; ఆకులోని టానిను ఇనుముతో కలసి నల్లని పొరయై గోడనంటుకొనును. ఈ రసాయనము మన సీమవారెరుగనిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ రసమున తడిపి యారబెట్టిన బట్టపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట పులియబెట్టి తీసిన ద్రవముతో గీసినప్పుడు, గీత నల్లబారుట ఈ టానిను, ఇనుముల సంయోగముననే. కెటిలును కాచు నలుపును, కాళహస్తి వస్త్రముపై రామాయణకథ చెప్పు నలుపును ఏకగోత్రములని తలచినప్పుడెల్ల నాకు మిక్కిలి సంతోషము కలుగును.

నిత్యరక్షణ సులభమే. పని తీరినంతనే నీరంతయు వంచివేసి, మూత తెరచి, కెటిలు సొంతవేడితోనే ఆరనీయవలెను. రాత్రి నీరు నిలువయుంచరాదు. పోత ఇనుమున కర్బనము నూటికి 2 మొదలు 4 పాళ్ల వరకుండుటచే అది పెళుసు. కాలుచున్న కెటిలులో చన్నీరు కుమ్మరించినను, చేయి జారినను పగులును. పెనమునకువలె లోపల నూనె పూసితిరా, త్రాగునీటికి నూనెకంపు పట్టును. మన బోరునీటిలోని సున్నము లోపల తెల్లగా పేరుకొనిన కలవరపడ నక్కరలేదు. గీజరునకు శత్రువైన ఆ పొర కెటిలునకు కవచము, జపానువారు దానిని కోరి పెంచుకొందురు.

ఇక పాలు. మనకు టీ యనగా పాలు, చక్కెర చేర్చి మరగించినదే గదా! ఆ పని ఇందు కూడదు. పుంగనూరు ఆవుపాలవంటి చిక్కని పాలైనచో మరింత త్వరగా అడుగంటి, తోమక తప్పని స్థితి కలుగును. కెటిలులో నీరు మాత్రమే కాచి, డికాషను వేరుగా దించి, పాలగిన్నెలో కలుపుకొనవలెను. నిమ్మకాయ పిండదలచినవారు లోటాలోనే పిండుకొనవలెను. పులుపు సోకినచో నల్లపొర కరగును. ఇనుపపాత్రలో టమాటా ఉడికించిన పదును పోవునని మదనపల్లెవారికి వేరుగా చెప్పవలెనా?

కెటిలు నీటితో రక్తహీనత తీరునని కొందరాశింతురు. ఆ నీట చేరు ఇనుము స్వల్పము, అదియు టీలోని టానినువలన శరీరమునకు సరిగా పట్టదు. ఆ ఫలము కోరువారు ఇనుప మూకుడులో కూర వండుకొని, భోజనానంతరము గంటసేపటివరకు టీ త్రాగకుండుట మేలు.