కొంగకు పళ్ళెంలో పాలు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. నాకు తెలిసిన విద్య యంత్రాల డిజైనింగు. దాన్ని గురించి వ్రాస్తే లెక్చరర్లు తప్ప మరొకరు చదవరు. చివరికి, ఈ కళాశాలలో చదువుకుని అమెరికాలో ఇరవై ఏడేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాడిగా, విద్యార్థులు నన్ను తరచు అడిగే ఒక ప్రశ్నకే జవాబు వ్రాద్దామని కూర్చున్నాను. "తెల్లవాళ్ళ ఆఫీసులో మిగతావాళ్ళను సమానంగా చూస్తారాండీ?" అన్నది ఆ ప్రశ్న. ఒక్క మాటలో తేలేది కాదు.

ముందు చట్టం సంగతి. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపరాదని శాసించింది. దాని అమలుకు 1965లో సమాన ఉద్యోగావకాశాల కమిషన్ ఏర్పడింది. పదిహేను మందీ, అంతకు మించీ పనిచేసే సంస్థలకు ఈ చట్టం ఇప్పుడు వర్తిస్తుంది. "అయితే అక్కడా రిజర్వేషన్లున్నాయన్నమాట" అని తొందరపడకండి. మన రాజ్యాంగంలోని 16(4) అధికరణం వంటిది అక్కడ లేదు. ఇన్ని ఉద్యోగాలు నల్లవారికి అని ప్రైవేటు కంపెనీ విడిగా కేటాయించడాన్ని ఆ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. కనుక అక్కడ పేచీ అంతా మరోచోట ఉంది. మనుషుల్ని ఎక్కడ వెతుకుతారు, ఏ కొలతతో కొలుస్తారు, చేర్చుకున్నాక ఎలా చూస్తారు అన్నదే సమస్య.

ఇది బోధపడాలంటే ఒక్క కేసు తెలిస్తే చాలు. నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ పవర్ కంపెనీకి డాన్ రివర్ అనే చోట బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం ఉండేది. అందులో అయిదు విభాగాలు. నల్లవారిని కూలి విభాగంలో మాత్రమే వేసేవారు. ఆ విభాగంలో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా, మిగతా విభాగాలలో అందరికన్నా తక్కువ తీసుకునేవాడిపాటి జీతం ఉండేది కాదు. 1965 జూలై 2న చట్టం అమలులోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజునుంచే కంపెనీ, పై విభాగాలలో కొత్తగా చేరేవారు హైస్కూలు పాసవడంతో పాటు రెండు పరీక్షలు కూడా నెగ్గాలని నిబంధన పెట్టింది. నిబంధన అందరికీ ఒకటే! కాని నల్లపిల్లలకు అక్కడ దక్కిన చదువు ఏపాటిదో అందరికీ తెలుసు. అంతకుముందు చేరిన తెల్లవాళ్ళలో హైస్కూలు పాసవనివాళ్ళు అదే పనిని ఏ లోటూ లేకుండా చేసుకుపోతూనే ఉన్నారు.

పదముగ్గురు నల్ల కార్మికులు కోర్టుకెక్కారు. 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన తీర్పు చెప్పింది. పరీక్షలే వద్దని కోర్టు అనలేదు. చేయవలసిన పనికి సంబంధంలేని అర్హత పెట్టి, దానివల్ల ఒక జాతివారు బయట మిగిలిపోతే, దురుద్దేశం ఉన్నా లేకపోయినా అది వివక్షే అన్నది. తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ నక్క, కొంగల కథను గుర్తు చేశారు. మనం చిన్నప్పుడు విన్న కథే. పళ్ళెంలో పోసిన పాలు ఇద్దరికీ సమానమే, కాని కొంగ ముక్కుకు అందవు. అవకాశం ఇచ్చామనడానికి పాలు పెడితే సరిపోదు, తాగడానికి వీలైన పాత్ర కూడా ఉండాలన్నమాట. 1991లో అక్కడి కాంగ్రెసు ఈ సూత్రాన్ని చట్టంలోనే చేర్చింది.

చట్టం వచ్చిన నలభై ఏళ్ళకు కూడా పళ్ళేలు పోలేదు. 2004లో అచ్చయిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో బోస్టన్, షికాగో నగరాల కంపెనీలకు దాదాపు అయిదువేల దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకే తీరువి, పేర్లు మాత్రం కల్పించినవి. తెల్లవారివిగా తోచే పేర్లకు పది దరఖాస్తులకొక పిలుపు వస్తే, నల్లవారివిగా తోచే పేర్లకు పదిహేనింటికొకటి వచ్చింది.

ఇక నా సంగతి. నేను చేరిన డిజైన్ ఆఫీసులో నలభై మందికి పైగా ఉండేవాళ్ళం. తెల్లవాళ్ళు కానిది ఇద్దరమే, నేనూ, ఒక నల్ల డ్రాఫ్ట్స్‌మనూ. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కాని సోమవారం మీటింగుకు వెళ్ళేసరికి అసలు నిర్ణయాలు ఆదివారం గోల్ఫ్ మైదానంలోనే అయిపోయి ఉండేవి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా! మా ఇద్దరికీ వడ్డించేవాళ్ళలో మనవాడు లేడు. కొన్నేళ్ళకు కొత్తగా వచ్చిన మేనేజరు ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. మీటింగులో ఏం చర్చిస్తారో రెండు రోజుల ముందే అందరికీ కాగితం అందేట్టు చేశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ మాట్లాడాలన్నాడు. ప్రమోషనుకు ఏమేం చూస్తారో వ్రాసి గోడకు అంటించాడు. అంతే! పదిహేడేళ్ళ అనుభవం ఉన్న ఆ డ్రాఫ్ట్స్‌మన్ గొంతు నేను మీటింగులో మొదటిసారి విన్నది అప్పుడే.

ఇలాంటి చిన్న పనులే పనిచేస్తాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలోని ఏడువందలకు పైగా సంస్థలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఉద్యోగులను కూర్చోబెట్టి మనసు మార్చే శిక్షణలవల్ల ఒరిగింది బహు తక్కువని తేలింది. ఫలితాలకు ఒక మనిషినో, ఒక సంఘాన్నో బాధ్యులను చేసిన చోటనే పై ఉద్యోగాలలో ఎక్కువ మార్పు కనిపించింది. అందరి పనీ ఎవరి పనీ కాదు గదా!

ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. నేను సీనియర్నయ్యాక ఒకసారి ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నాను. వచ్చినవాళ్ళలో ఒక నల్ల ఇంజనీరు లెక్కలన్నీ సరిగా చెప్పాడు. అతను వెళ్ళాక ఒకాయన "మనలో కలవగలడంటారా?" అన్నాడు. ఏ పనికీ సంబంధంలేని కొలత అది, అచ్చంగా పళ్ళెమే. ఒకనాడు నన్నూ ఆ కొలతతోనే కొలిచి ఉంటారు. అయినా నేను నోరు మెదపలేదు. అతనికి ఉద్యోగం రాలేదు. కొంగనైన నేను ఆ పూట నక్క పక్కన కూర్చున్నాను.

ఆఫీసులో తెలుగువాళ్ళం అయిదారుగురం అయ్యాక మధ్యాహ్నం భోజనాల దగ్గర మాదొక బల్ల. కొత్త కుర్రాడు వస్తే "ఏ ఊరు? ఇంటిపేరేమిటి?" అని ఆరా తీసేవాళ్ళం. ఎందుకడుగుతున్నామో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందని పత్రికలో చూసినప్పుడు నాకు ఆ భోజనాల బల్లే గుర్తుకొచ్చింది.

ప్రస్తుతం అక్కడ గాలి ఎదురు తిరిగింది. ప్రభుత్వ కాంట్రాక్టర్లు అందరికీ అవకాశం కల్పించేందుకు చొరవ చూపాలని 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 జనవరిలో రద్దు చేశారు. 1964 చట్టం మాత్రం నిలిచే ఉంది. ఉత్తర్వులు వస్తాయి, పోతాయి. బల్ల దగ్గర కుర్చీ జరిపి చోటివ్వడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామంది రేపు ఆ ఆఫీసుల్లోకి వెళతారు. మిమ్మల్ని సమానంగా చూస్తారా అని తప్పక అడగండి, అడగవలసిందే. చూడకపోతే చట్టం ఉంది, నిలబడి పోరాడండి. కాని గరిటె మీ చేతికొచ్చిన రోజున బంతిలో ఎవరి ముందు ఏ పాత్ర ఉందో ఒక్కసారి చూడండి. ఆ రోజున నేను చూడలేదు.