సారాయెవో తూటా, సాక్చి పట్టా

ఈ వారం లేఖ రాజధాని నుంచి కాక జంషెడ్‌పూర్ నుంచి రాస్తున్నాను. దేశాల మధ్య పొత్తులను ఢిల్లీ పెద్దలు తరచు భద్రతకు బీమాగా వర్ణిస్తుంటారు. ఆ బీమాకు ప్రీమియం చెల్లించేది ఎవరన్న ప్రశ్నకు ఈ ఉక్కు నగరం మంచి సాక్ష్యం. దీని పేరే ఒక యుద్ధం మిగిల్చిన గుర్తు.

1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. తగవు ఆస్ట్రియా, సెర్బియాలది. అయితే సెర్బియాకు రష్యా అండ, ఆస్ట్రియాకు జర్మనీ అండ, రష్యాకు ఫ్రాన్స్ మిత్రదేశం. జర్మన్ సేనలు బెల్జియంలో అడుగుపెట్టగానే 1839 నాటి ఒప్పందాన్ని చూపి బ్రిటన్ రంగంలోకి దిగింది. ఇదంతా నలభై రోజుల లోపే ముగిసింది. ఎవరితోనూ ఏ ఒడంబడికా చేసుకోని భారతదేశం బ్రిటన్ వెంట యుద్ధంలోకి ఈడ్వబడింది. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్ళు కురిపించింది.

అప్పటికి సింగ్‌భూమ్ జిల్లాలోని సాక్చిలో టాటాలు ఉక్కు తీయడం మొదలై రెండేళ్ళే అయింది. 1914 ఆగస్టు 2న టర్కీ జర్మనీతో రహస్య సంధి చేసుకుంది. ఆ సంతకంతో మెసొపొటేమియా రణరంగమైంది. అక్కడికీ, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలకూ సాక్చి నుంచి దాదాపు 1,500 మైళ్ళ రైలు పట్టాలు తరలివెళ్ళాయి. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, ఆ సేవను కొనియాడి, సాక్చికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది.

ఉక్కు వెళ్ళిన చోటికే మన సిపాయిలూ వెళ్ళారు. వారు నేలకొరిగిన మెసొపొటేమియా పేరు నేటికీ ఇండియా గేటు మీద చెక్కి ఉంది. ఊరికి కొత్త పేరు, మృతులకు రాతి మీద చోటు దక్కాయి. దేశానికి దక్కినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్.

పోనీ, ఆ పొత్తులైనా నిలిచాయా? 1902లో బ్రిటన్‌తో సంధి చేసుకుని తొలి యుద్ధంలో ఆ పక్షాన పోరాడిన జపాన్, 1940 సెప్టెంబరులో జర్మనీ, ఇటలీలతో చేతులు కలిపింది. 1939 సెప్టెంబరు 3నే వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన ప్రజాప్రతినిధులను ఒక్క మాటైనా అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలో చేర్చాడు. జంషెడ్‌పూర్ మళ్ళీ కవచపు ఉక్కు పోసింది. ‘టాటానగర్’ అనే పేరుతో సాయుధ శకటాలు ఉత్తర ఆఫ్రికా ఇసుకల్లో తిరిగాయి. పొట్ట చేతబట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారు ఇక్కడి కొలుముల వద్ద శ్రమిస్తుండగా, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. నిన్నటి మిత్రుడి మిత్రుడే నేటి శత్రువైనాడు!

అలాగని పొత్తులన్నీ చెడ్డవని నేననను. 1971 ఆగస్టు 9 నాటి భారత–సోవియట్ ఒప్పందం ముప్పు వస్తే సంప్రదించుకోవాలన్నదే గాని, ఒకరి యుద్ధంలో మరొకరు దూకి తీరాలనలేదు. ఆ డిసెంబరులో అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు మనం ఒంటరిగా లేము. నిర్ణయం మాత్రం మన చేతిలోనే ఉంది.

తేడా అంతా అక్కడే ఉంది. 1914లోనూ, 1939లోనూ మన తరఫున పరాయివాడు నిర్ణయించాడు. నేడు నిర్ణయించేది మన ప్రభుత్వమే. అయినా అంతర్జాతీయ ఒప్పందాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం మన రాజ్యాంగం ప్రకారం నేటికీ తప్పనిసరి కాదు. ఏ కూటమి వైపు మొగ్గినా, సంతకానికి ముందు సభలో చర్చ జరగాలని అడిగే హక్కు ప్రజలది. ఉక్కు పోసేది, ప్రాణం పెట్టేది వారే కదా!