ఎడారిలో మన జమ్మి, మన జిల్లేడు

పై వీడియోలో దుబాయ్ అవతల ఇసుక దిబ్బల మధ్య పచ్చగా నిలబడ్డ చెట్టు చూశారు కదా? అక్కడోళ్లు దాన్ని ఘాఫ్ అంటారు. అది యూఏఈ జాతీయ చెట్టు. 2019ని వాళ్లు సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నదీ దీన్నే. ఇంతకీ అది ఏ చెట్టో కాదండీ, మన దసరా జమ్మి! తెలంగాణ రాష్ట్ర చెట్టు కూడా ఇదే.

అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. మరి ఆ చెట్టు ఎలా బతుకుతోంది? వేరు చాలా లోతుకు పోతుంది, 30 మీటర్లని చెబుతారు. పైగా పప్పుజాతి చెట్టు కాబట్టి నత్రజని కూడా సమకూర్చుకుంటుంది.

అసలు ఆశ్చర్యం ఇసుకలో ఉంది. ఇసుక నేలంటే నీరు నిలవని నేల అని డిప్లొమాలో ఒక్క ముక్కలో చెప్పేశారు మాకు. కానీ దిబ్బ మీద పడ్డ వాన పారిపోదు, గబగబా లోపలికి ఇంకుతుంది. తర్వాత పైనున్న ఇసుక ఎండిపోతుంది. ఆ ఎండిన పొర గుండా కింది తడి పైకి ఎక్కలేదు. అంటే ఎండిన ఇసుకే ఆచ్ఛాదన అన్నమాట! అందుకే అక్కడ గట్టి గులకరాళ్ల నేల కన్నా దిబ్బల మీదే కొన్ని గడ్డులు, పొదలు బాగా నిలబడతాయి.

పువ్వుల సంగతి వేరు. చాలా మొక్కల గింజలు ఏళ్ల తరబడి ఇసుకలో పడి ఉంటాయి. నాలుగు చినుకులకు మోసపోవు. కొన్నింటి పొట్టులో మొలకను ఆపే పదార్థం ఉంటుంది. అది కడుక్కుపోయేంత వాన పడితేనే మొలక. తర్వాత కొన్ని వారాల్లో పూత, గింజ, అంతే. పల్లేరు జాతి మొక్క ఒకటి పెద్ద పసుపు పూలతో విరగబూస్తుంది, ఒంటెలకు మహా ఇష్టం.

జిల్లేడూ ఉందక్కడ. పశువు ముట్టదు కాబట్టి, మేపి మేపి బోడి చేసిన నేలలో అదొక్కటే మిగులుతుంది. ఎక్కడ జిల్లేడు దట్టంగా ఉంటే అక్కడ మేత అతిగా జరిగిందని ఒక గుర్తు. మన కషాయాల్లో వాడేదీ ఆ ముట్టనివ్వని గుణం కోసమే కదా.

ఘాఫ్‌కు కష్టాలు లేకపోలేదు. భూగర్భ జలం దిగిపోతోంది, ఒంటెలు లేత మొక్కల్ని ఎదగనివ్వవు. పైగా పచ్చదనం కోసం తెచ్చిన సర్కారు తుమ్మ దాని చోటు ఆక్రమిస్తోంది. పశువులు కాయలు తిని, పేడతో గింజల్ని ఊరంతా చల్లుతాయి. మన చెరువు గట్లు చూస్తే ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

రాజస్థాన్ రైతులు జమ్మి కిందే సజ్జ పండిస్తారు, ఆకు మేకలకు వేస్తారు. మన దగ్గర మాత్రం గట్టు చదును చేసేటప్పుడు జేసీబీతో మొదట పెకలించేది దాన్నే. మీ గట్టు మీద జమ్మి మొలక ఉంటే చుట్టూ నాలుగు కంపలు వేసి మేకల నుంచి కాపాడండి, మొదటి ఏళ్లలో దానికి కావాల్సింది అదే. పక్కన సర్కారు తుమ్మ ఉంటే కాయ పండకముందే వేరుతో తీసేయండి.