వీసమెత్తు పొరపాటు

చిన్న పామునైనను పెద్ద కర్రతో కొట్టవలెనని మన పెద్దలు చెప్పుదురు. కంప్యూటరుతో లెక్కలు చేయు ఈ కాలమున ఆ సామెత గణితమునకు చక్కగా అన్వయించుచున్నది. కూడికయందు ఒక అంకె తప్పినచో ఉపాధ్యాయుడు వెంటనే కనిపెట్టును. కాని దశాంశ బిందువునకు కుడిప్రక్కన ఎక్కడనో పదునేడవ స్థానమున దాగియున్న పొరపాటును ఎవరు కనిపెట్టగలరు? ఒక్క లెక్కలో అది కంటికి కానరాదు. లెక్క లక్షలమారులు సాగినపుడు మాత్రము అది పడగ విప్పును. దీనినే సవరణ దోషమందురు. ఇది ఎట్లు పుట్టునో, దీనివలన ఎట్టి నష్టములు కలిగినవో, దీనిని ఎట్లు అదుపులో నుంచవచ్చునో తెలిసికొందము.

ఒకటిని మూడుచే భాగించినచో 0.333... అని అంతులేక వచ్చును. కాగితమునకు అంతమున్నది, లెక్క చేయువాని ఓపికకును అంతమున్నది. కావున ఎక్కడనో ఒకచోట ఆపి, మిగిలినదానిని విడిచిపెట్టుదుము, లేదా చివరి అంకెను ఒకటి హెచ్చింతుము. ఇట్లు చేయుటయే సవరించుట. అసలు విలువకును, సవరించిన విలువకును గల భేదమే సవరణ దోషము. ఇది తెలివితక్కువవలన కలుగు తప్పు కాదు. అనంతమైన దానిని పరిమితమైన చోట నిలుపవలసి వచ్చినపుడు తప్పక కలుగు భేదమిది.

వరంగల్లు ప్రాంతపు ప్రజలకు ఈ చిక్కు కంప్యూటరు రాకమునుపే తెలిసినది. హైదరాబాదు సంస్థానమునకు ప్రత్యేకముగా హాలీ రూపాయి యుండెను. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన తరువాత, హాలీ రూపాయియు భారత రూపాయియు కొంతకాలము ప్రక్కప్రక్కన చెలామణి అయ్యెను. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు సమానము. 1959 వరకు హాలీ రూపాయి వాడుకలో నుండెను.

ఇప్పుడొక లెక్క చూడుడు. ఒక హాలీ రూపాయికి భారత రూపాయలలో ఎంత రావలెను? రూపాయికి పదునారు అణాలు, అణాకు పన్నెండు పైలు. ఆ ప్రకారము భాగించినచో 13 అణాల 8 పైలును, ఇంకను పైలో ఏడింట నాలుగు వంతులును వచ్చును. ఆ వంతులకు నాణెము లేదు. వర్తకుడు వానిని విడిచి 13 అణాల 8 పైలు ఇచ్చినాడనుకొందము. ఏడు దినములు దినమున కొక్క హాలీ రూపాయి చొప్పున మార్చుకొన్న కూలివానికి మొత్తము 5 రూపాయల 15 అణాల 8 పైలు ముట్టును. ఆరు రూపాయలకు నాలుగు పైలు తక్కువ! పోనీ, వర్తకుడు ఉదారుడై ప్రతిమారును 9 పైలకు హెచ్చించి యిచ్చినచో, వాడే మూడు పైలు నష్టపోవును. ఏడు రూపాయలును ఒక్కమారే మార్చినచో ఎవరికిని నష్టము లేదు. సరిగా ఆరు రూపాయలు వచ్చును. మాటిమాటికి సవరించుటకును, చివర ఒక్కమారు సవరించుటకును గల భేదము ఇందు స్పష్టముగా కనబడుచున్నది.

1957 ఏప్రిల్ 1వ తేదీన దేశమంతట దశాంశ నాణెములు వచ్చినపుడును ఇట్టి చిక్కే కలిగెను. రూపాయికి నూరు నయాపైసలు. అణా యనగా లెక్క ప్రకారము 6.25 నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు 6, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలుగా సవరించిరి. అణా చొప్పున నాలుగుమారులు చెల్లించినవాడు 24 పైసలును, నాలుగణాలు ఒక్కమారు చెల్లించినవాడు 25 పైసలును ఇచ్చునన్నమాట.

పాత నాణెముల పద్ధతిలో ఒక విశేషము కలదు. రూపాయిలో సగము అర్ధరూపాయి. అందులో సగము పావలా. అందులో సగము బేడ. అందులో సగము అణా. పదునారవ వంతును వీసమనుటయు మన వాడుక. ఇట్లు సగములు చేయుచు పోవుట మన పూర్వుల పద్ధతి. ఆశ్చర్యమేమన, కంప్యూటరు పద్ధతియు అదియే! అది సున్న, ఒకటి అను రెండే అంకెలతో సంఖ్యలను వ్రాసికొనును. మనము దశాంశ బిందువు తరువాత పదవ వంతు, నూరవ వంతు, వేయవ వంతు అని లెక్కింతుము. కంప్యూటరు రెండవ వంతు, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు, పదునారవ వంతు అని లెక్కించును. కావున అర, పావు, ముప్పావు, వీసము దానికి నిర్దుష్టముగా తెలియును.

కాని పదవ వంతు మాటయేమి? ఇక్కడనే చిక్కంతయు ఉన్నది. పదునారవ వంతునకు ముప్పదిరెండవ వంతు కలిపినచో 0.09375 అగును, ఇంకను కొరత కలదు. 256వ వంతును, 512వ వంతును చేర్చినచో 0.099609375 అగును; అప్పటికిని కొరతయే. ఎన్ని సగములు కలిపినను సరిగా 0.1 రాదు. మనకు మూడవ వంతు ఎట్లు అంతులేని దశాంశమో, కంప్యూటరునకు పదవ వంతు అట్లే అంతులేని భిన్నము. మన కంటికి అతి సులభమైన 0.1 అను సంఖ్యను అది ఎన్నడును సరిగా వ్రాసికొనలేదు.

మరి ఎంతవరకు వ్రాసికొనును? శాస్త్రజ్ఞులు కాంతి వేగమును సెకనుకు 2.99792458 × 10⁸ మీటర్లు అని వ్రాయుదురు. ముఖ్యమైన అంకెలు ఒకచోట, బిందువు ఎన్ని స్థానములు జరుగవలెనో మరియొకచోట. కంప్యూటరును ఇట్లే చేయును. బిందువు ఇటు నటు తేలుచుండును గనుక దీనికి ఫ్లోటింగ్ పాయింటు పద్ధతి యని పేరు. 1985లో నిర్ణయింపబడి నేడు విరివిగా వాడబడు ప్రమాణము ప్రకారము, ఒక సంఖ్యకు సాధారణముగా 64 స్థానములు కేటాయింతురు. అందు ముఖ్యాంకెలకు 53 ద్విసంఖ్యా స్థానముల ఖచ్చితత్వము లభించును. అనగా మన దశాంశ లెక్కలో సుమారు 15 లేక 16 అంకెలు. ఆ పైనున్నదంతయు సవరింపబడును. ఈ ప్రమాణమును రూపొందించుటలో కెనడా దేశీయుడైన గణితవేత్త విలియం కహాన్ ప్రముఖుడు. ఆయనకు 1989లో ట్యూరింగ్ పురస్కారము లభించెను.

వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు ప్రత్తికిని, మిరపకును పేరుపొందినది. అట్టి మార్కెట్టులో తూకములు కూడుటకు ఒక విద్యార్థి ప్రోగ్రాము వ్రాసెననుకొందము. ఒక్కొక్క మూట పది కిలోలు, అనగా 0.1 క్వింటాలు. మొత్తము సరిగా ఒక క్వింటాలునకు సమానమైనపుడు ఆపుమని ఆజ్ఞ. పది మూటలు కూడిన పిదప కంప్యూటరు చూపు మొత్తము 1 కాదు, 0.9999999999999999! ఇది ఒకటితో సమానము కాదు గనుక యంత్రము ఆగదు. పదునొకండవ మూటను, పండ్రెండవ మూటను కూడుచు పోవుచునే యుండును. యంత్రము అబద్ధమాడలేదు; చెప్పినట్లే చేసినది. చెప్పినవాడే దాని స్వభావమును ఎరుగడు.

ఇట్టి దోషములవలన నిజముగా నష్టములు కలిగినవి. కెనడాలోని వాంకూవర్ నగరపు షేర్ల విపణిలో 1982 జనవరిలో ఒక ధరల సూచికను 1000 విలువతో ప్రారంభించిరి. దినమునకు సుమారు మూడువేల మారులు దానిని తిరిగి లెక్కించుచుండిరి. లెక్కించిన ప్రతిమారును మూడు దశాంశ స్థానములు ఉంచి, తక్కినవి కోసివేయుచుండిరి. ఒక్కమారు పోవునది వేయవ వంతుకన్న తక్కువ. కాని అన్నిమారులును తగ్గుటయే గాని పెరుగుట లేదు. దినమునకు ఒక పాయింటునకు పైగా ఆవిరియయ్యెను. 1983 నవంబరు నాటికి సూచిక సుమారు 524కు దిగజారెను. దోషమును సవరించి చూడగా అది 1098కి పైగా ఉండవలసియున్నది! విపణి పెరుగుచుండగా లెక్క పడిపోవుచుండెను.

మరియొక సంఘటన మిక్కిలి విషాదకరమైనది. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధకాలమున, సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఒక క్షిపణి రక్షణ యంత్రము శత్రువుల స్కడ్ క్షిపణిని అడ్డగింపలేకపోయెను. ఆ యంత్రపు గడియారము సెకనులో పదవ వంతు చొప్పున కాలమును లెక్కించుచుండెను. 0.1ని 24 స్థానములకు కోసి వాడుటవలన ప్రతి పదవ వంతుకును సుమారు 0.000000095 సెకను తేడా వచ్చుచుండెను. యంత్రము నూరు గంటలకు పైగా ఆగక పనిచేసెను. నూరు గంటలలో పదవ వంతులు 36 లక్షలు. గుణించి చూచినచో తేడా సుమారు 0.34 సెకను. ఆ కొద్ది కాలములోనే స్కడ్ క్షిపణి అరకిలోమీటరునకు పైగా దూసికొనిపోవును. యంత్రము చూడవలసిన చోట చూడలేదు. క్షిపణి సైనికుల వసతిపై పడి 28 మంది అమెరికా సైనికులు మరణించిరి. సవరించిన ప్రోగ్రాము ఆ మరునాడు అచ్చటికి చేరెను.

ఇట్టి దోషములను పూర్తిగా తొలగించుట సాధ్యము కాకపోయినను, అదుపులో నుంచుటకు మార్గములు కలవు.

మొదటిది, ధనమును పూర్ణసంఖ్యలలో లెక్కించుట. రూపాయలను దశాంశములతో వ్రాయక, అన్నిటిని పైసలుగా మార్చవలెను. 12.10 రూపాయలనక 1210 పైసలనవలెను. పూర్ణసంఖ్యలు తమ హద్దులలో ఉన్నంతవరకు కంప్యూటరునకు నిర్దుష్టముగా తెలియును. ఎనుమాముల లెక్కలోను క్వింటాళ్లకు బదులు కిలోలు కూడినచో పది పదులు నూరే అగును.

రెండవది, దశాంశ ఫలితములను 'సమానమా?' అని అడుగకుండుట. 'తగినంత దగ్గరగా ఉన్నదా?' అని అడుగవలెను. ఎంత దగ్గర కావలెనో లెక్కయొక్క స్వభావమును బట్టి ముందే నిర్ణయించుకొనవలెను. తూకమునకు గ్రాము చాలును, బంగారమునకు చాలదు.

మూడవది, కూడిక వరుసను ఎరిగి యుండుట. ఒకటి ప్రక్కన పదునారు సున్నలు గల సంఖ్యకు, పైన చెప్పిన పద్ధతిలో ఒకటి కూడినచో సంఖ్య మారదు. ఆ ఒకటి నిలుచుటకు చోటు లేదు. ఇట్లు వేయిమారులు ఒక్కొక్కటిగా కూడినను ఫలితము మొదటి సంఖ్యయే! ముందుగా వేయి ఒకట్లను కూడి, ఆ వేయిని పెద్ద సంఖ్యకు చేర్చినచో సరియైన ఫలితము వచ్చును. కావున చిన్నవానిని ముందు కూడుట మేలు.

నాలుగవది, జారిపోయినదానిని దాచుట. కహాన్ 1965లో ప్రకటించిన ఉపాయమిది. ప్రతి కూడికలోను సవరణవలన పోయిన భాగమును వేరొక చోట గుర్తుంచుకొని, తరువాతి కూడికలో చేర్చవలెను. చిల్లరను పెద్ద సంచిలో వేయక, మొలలోని చిన్న సంచిలో భద్రపరచుకొను దుకాణదారుని నేర్పు వంటిదే యిది.

ఐదవది, సరిగా సగము వచ్చినపుడు పక్షపాతము చూపకుండుట. ఎల్లప్పుడు పైకే సవరించినచో మొత్తము కొంచెము కొంచెముగా ఉబ్బును. కావున 2.5ను 2గాను, 3.5ను 4గాను, అనగా దగ్గరి సరిసంఖ్యకు సవరించుట ఆచారము. కొన్నిమారులు పైకి, కొన్నిమారులు క్రిందికి పోవుటచే దోషములు చాలవరకు ఒకదాని నొకటి రద్దు చేసికొనును. 1985 నాటి ప్రమాణమును సాధారణముగా ఈ నియమమునే పాటించును.

హాలీ రూపాయి చెలామణినుండి తొలగిన 1959వ సంవత్సరముననే, అక్టోబరు 10న పండిత జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిరి. అది 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైనది. అట్టి విద్యాలయములలో చదువు యువకులు రేపు బ్యాంకులకు, ఆసుపత్రులకు, ఆనకట్టలకు, రాకెట్లకు ప్రోగ్రాములు వ్రాయుదురు. మీలోను కొందరు అట్టివారు కాగలరు.

నూరు రూపాయలను ఏడుగురికి సమముగా పంచుమని మిమ్ములనెవరైన అడిగిరనుకొనుడు. ఒక్కొక్కరికి 14 రూపాయల 28 పైసలు వచ్చును. నాలుగు పైసలు మిగులును. ఆ నాలుగు పైసలు ఎవరికి చెందునో ముందే నియమము చేయనివాడు లెక్క ముగించినవాడు కాడు. మిగిలినది ఎంత స్వల్పమైనను అది ఎవరో ఒకరి సొత్తు. లెక్క చేయువాడు దానిని కూడ అప్పగించిన పిదపనే కలము క్రింద పెట్టవలెను.